నక్కలమెట్ట ఎక్కిన వెనక ఇంజన్

నేను ఒక వెనక ఇంజన్ని.

రైలంటే మీకు గుర్తొచ్చేది ముందుండే ఇంజనే. పిల్లలు బొమ్మ గీస్తే పొగ దానికే పెడతారు. దసరాకి బంతిపూల దండ దానికే వేస్తారు. పెద్దవాళ్ళెవరైనా వచ్చి పచ్చజెండా ఊపినా దాని మొహం ముందే ఊపుతారు. బండి చివర ఒకటి తల ఆనించి చచ్చీచెడీ తోస్తోందని ఎవరికీ తట్టదు. రైల్వే భాషలో నన్ను బ్యాంకర్ అంటారు. పేరు చూసి ఆశపడకండి. నా దగ్గర పొగ తప్ప అప్పు పుట్టదు.

నేను పుట్టింది కాశీలో. జనం చావడానికి వెళ్ళే ఊళ్ళో పుట్టడం శుభమో కాదో నాకు తెలీదు గానీ, ఫ్యాక్టరీ వాళ్ళు మాత్రం కొబ్బరికాయ కొట్టి, నుదుట కుంకుమ పెట్టి పంపించారు. డీజిలు తాగే ఒళ్ళు, నూరు టన్నులు దాటిన బరువు. మొదట్లో మైదానంలో మెయిలు బండి లాగాను. అప్పుడు నాకూ పొగరుండేది. నా మొదటి డ్రైవరు స్టేషన్ దగ్గరపడగానే జేబులోంచి దువ్వెన తీసి మీసం దువ్వుకునేవాడు. ప్లాట్‌ఫారం మీద జనం చూసేది తననే అనుకునేవాడు. నేనేమో నన్నే అనుకునేదాన్ని. వాళ్ళు చూసేది జనరల్ పెట్టె ఎక్కడ ఆగుతుందా అని. ఆ సంగతి మా ఇద్దరికీ చాలా ఆలస్యంగా తెలిసింది.

తర్వాత కొత్త ఇంజన్లు దిగాయి. నన్ను ఎరువులూ సిమెంటూ మోసే గూడ్సులకి మార్చారు. అక్కడ దొరికిన డ్రైవరు నా ఒంటి వేడి మీద అన్నం క్యారియరు వెచ్చబెట్టుకుని, "ఇదొక్కటి మాత్రం బాగా చేస్తుంది" అని అందరికీ చెప్పేవాడు. చివరికి ఒక ఆఫీసరు నా చుట్టూ ఒకసారి తిరిగి, "పరుగు తగ్గింది, బలం తగ్గలేదు. ఘాటుకి పంపించండి, కొండెక్కే బళ్ళని తోస్తుంది" అన్నాడు. మనుషుల్లో అయితే ఇలాంటి వాళ్ళని పెళ్ళిళ్ళలో గుండిగలు దించడానికి పిలుస్తారు.

అలా నేను గుమ్మలపాడు చేరాను. తూర్పు కనుమల అంచున ఉన్న స్టేషన్ అది. అక్కణ్ణించి పట్టాలు కొండెక్కుతాయి. మధ్యలో నక్కలమెట్ట, కొండ మీద దొంకగూడ. దొంకగూడలో పెద్ద ఫ్యాక్టరీ ఉంది. దాని కడుపుకి రోజూ బొగ్గు కావాలి. ఆ బొగ్గు బండిని ముందు రెండు ఇంజన్లు లాగితే, వెనక గార్డు పెట్టెని ఆనుకుని నేను తోస్తాను. పైకి చేర్చాక ఒంటరిగా కిందికి దిగివస్తాను. మళ్ళీ ఇంకో బండి. ఎక్కడానికి బరువుతో, దిగడానికి ఖాళీగా. నా బతుకంతా ఇదే.

కొండ మీద రెండు పక్కల ఇంజన్ల కాపురం కూత మీద నడుస్తుంది. బయల్దేరే ముందు ముందున్న డ్రైవరు కూత వేస్తాడు: సిద్ధమా అని. వెనకున్నవాడు బదులు కూత వేస్తాడు: సిద్ధమే అని. అప్పుడే ఇద్దరూ కదలాలి. దారిలో ముందు చక్రాలు జారితే, తొయ్యమని ఇంకో కూత. కూత వినకుండా నేను నా ఇష్టానికి తోశాననుకోండి, మధ్యలో వ్యాగన్లు అప్పడాల్లా విరిగి లోయలో పడతాయి. అందుకని ముందువాడు అడగాలి, వెనకవాడు పలకాలి. ఇది ఘాటు మర్యాద.

ఈ మర్యాదని ఎంతో చక్కగా పాటించిన ఇద్దరు డ్రైవర్లుండేవాళ్ళు. ముందు ఇంజన్ మీద తవిటినాయుడు. కాపురం దొంకగూడ క్వార్టర్సులో. నా మీద సూరప్పడు. కాపురం కింద గుమ్మలపాడులో. ఆయన కూస్తే ఈయన పలికేవాడు. ఆ కూతలు ఎంత కలిసేవంటే, లోయలో గొర్రెలు కాసేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. అలా కూసుకుని కూసుకుని స్నేహం ముదిరింది. ఒకరోజు నక్కలమెట్టలో టీ తాగుతూ తవిటినాయుడు కొడుక్కీ సూరప్పడి కూతురు హైమకీ సంబంధం ఖాయం చేసేసుకున్నారు. పిల్లాడు ఫ్యాక్టరీలో ఫిట్టరు. పిల్ల ఇంటరు చదివింది, నోరు మంచిది. అంటే బాగా పనిచేస్తుందని.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. చిక్కంతా సారె దగ్గర వచ్చింది.

సూరప్పడు కూతురి వెంట అత్తారింటికి బుట్టలకొద్దీ అరిసెలు పంపాడు. తవిటినాయుడు సూరప్పడితో సహా షెడ్డు జనాన్నందర్నీ పిలిచి, పంచే ముందు తనే ఒకటి కొరికాడు. అది తెగలేదు. కొత్తగా కట్టించుకున్న పళ్ళు కదిలాయి. ఆ కంగారులో నలుగురూ నవ్వడానికి ఒక మాటన్నాడు.

"ఏటి బావగారూ, ఇవి అరిసెలా, బ్రేకు దిమ్మలా?"

షెడ్డు జనం నవ్వారు. సూరప్పడు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"అరిసెలు బాగానే ఉన్నాయి బావగారూ. మీ పళ్ళే కండెమైపోనాయి."

రైల్వేలో పనికిరాక పక్కన పడేసిన దాన్ని కండెం అంటారు. ఈసారి జనం ఇంకా గట్టిగా నవ్వారు. నలుగురి మధ్య అన్న మాట మైలురాయి లాంటిది, పీకినా గొయ్యి మిగులుతుంది. ఆరోజు నుంచి వియ్యంకులిద్దరికీ మాటల్లేవు.

కానీ బొగ్గు బండికి వాళ్ళ పౌరుషంతో పనేముంది? రోజూ ఎక్కాలి. తవిటినాయుడు కూత ఇప్పుడు తలుపు ధడాలున వేసినట్టు పొట్టిగా ఉండేది. సూరప్పడు వెంటనే బదులిచ్చేవాడు కాదు. ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, చెయ్యి తుడుచుకుని అప్పుడు కూత వేసేవాడు. ఇద్దరి చేతుల్లోనూ వాకీటాకీలుండేవి. అయినా ఏ మాటైనా మధ్యలో గార్డు ఎస్తేరమ్మ మోయాల్సిందే.

ఎస్తేరమ్మది తుని వైపు. నా మొహానికి ఎదురుగా గార్డు పెట్టెలో ఒంటరిగా కూచుని, ఎర్రజెండా పచ్చజెండా ఒక చంకలో, నల్లగొడుగు ఇంకో చంకలో పెట్టుకుని డ్యూటీ చేసే మనిషి.

"ఎస్తేరమ్మా, లైను క్లియరైందని వెనకాయనకి సెప్పు" అనేవాడు తవిటినాయుడు వాకీటాకీలో.

"ఆయనకి వినబడుతూనే ఉంది నాయుడన్నా."

"వినబడినా నువ్వు సెప్పు."

"సూరన్నా, లైను క్లియరైందంట."

"ఎవురు సెప్పినారు?"

"దేవదూత చెప్పాడు. కదలండి ఇక!"

ఇంతలో హైమకి నెలతప్పింది. తొలిచూలు పురుడు పుట్టింట్లో పోసుకోవాలి కదా. ఏడో నెలలో కన్నవాళ్ళు వెళ్ళి, వియ్యాలవారిని అడిగి, పిల్లని తెచ్చుకోవాలి. సూరప్పడు వెళ్ళలేదు. "ముందు ఆ అరిసె మాట ఎనక్కి తీసుకోమను, ఎల్తాను" అన్నాడు. తవిటినాయుడు పంపలేదు. "అడక్కుండా పంపడానికి అదేం పార్శిలేటి? వొచ్చి అడగమను" అన్నాడు. ఏడు పోయి ఎనిమిది వచ్చింది, ఎనిమిది పోయి తొమ్మిది వచ్చింది. కడుపు ఆగలేదు గానీ ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. దొంకగూడలో ఉన్నది ఒక కాంపౌండరూ, ఒక సూదీ. కానుపు కష్టమైతే కిందికి రావాల్సిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కొండ మీద రోడ్డు వానలకి కొట్టుకుపోయి ఉందని కూడా తెలుసు.

ఆడవాళ్ళకి ఓపిక అంతవరకే. వియ్యపురాళ్ళిద్దరూ ఎస్టీడీ బూతుల్లో మాట్లాడుకుని, మొగుళ్ళకి చెప్పకుండా ఒక రోజు ఎంచుకున్నారు. ఇద్దరూ డ్యూటీలో ఉన్న సమయం చూసి హైమ అత్తగారితో కలిసి మధ్యాహ్నం ప్యాసింజరెక్కాలి. తల్లి గుమ్మలపాడులో దించుకోవాలి. మంచి పథకం. ఒక్క చిన్న లోపం: ఆ ప్యాసింజరుకి ఎదురుగా అదే పట్టా మీద పైకి వచ్చేది మా బొగ్గు బండి.

శ్రావణమాసం. పొద్దుట్నుంచీ ముసురు. గుమ్మలపాడులో తవిటినాయుడు పొట్టి కూత వేశాడు. సూరప్పడు తుమ్మి బదులిచ్చాడు. కదిలాం. బండి నిండా తడిసిన బొగ్గు. బొగ్గు తడిస్తే ఎంత బరువో నన్నడగండి. మామూలుగా అయితే మేము నక్కలమెట్ట చేరి పక్క లైన్లో ఒదగాలి. అక్కడ కాచుకుని ఉన్న ప్యాసింజరు అప్పుడు కిందికి దిగాలి.

నక్కలమెట్టకి ముందు ఒక పెద్ద మలుపుంది. అక్కడ చెట్లు పట్టాల మీదికి వంగి ఉంటాయి. రాలిన ఆకులు వానలో నానితే పట్టా సబ్బు రాసినట్టుంటుంది. ముందు ఇంజన్ల చక్రాలు జారడం మొదలైంది. అది నాకు కళ్ళకి కనబడదు, పెట్టెని పెట్టెకి తగిలించే కప్లింగుల్లోంచి తెలుస్తుంది. ముందువాడి వణుకు వ్యాగను వ్యాగనుకీ పాకి నా దాకా వచ్చింది.

ఇప్పుడు తవిటినాయుడు తొయ్యమని కూత వెయ్యాలి.

వెయ్యలేదు. వియ్యంకుణ్ణి సాయం అడగడమా? పళ్ళు కొరుక్కున్నాడు. కట్టుడు పళ్ళే.

నా మీద సూరప్పడికీ తెలిసింది. చెయ్యి లివరు మీదికి పోయింది. ఆగింది.

"తొయ్యమంటాడేమో సూద్దాం" అన్నాడు తనలో తను. "పిలవని పేరంటానికి ఎల్లే వంశం కాదు మాది."

ముందువాడు అడగలేదు. వెనకవాడు తొయ్యలేదు. బండి మెల్లగా, మరీ మెల్లగా, అలిగిన గేదెలా నడుస్తూ నడుస్తూ మలుపు మధ్యలో నిలబడిపోయింది.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎస్తేరమ్మ పెట్టెలోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూసింది.

"శుభం" అంది. గొడుగు విప్పుకుని దిగి, పట్టాల పక్కన తీగెలకి ఫోను తగిలించి నక్కలమెట్ట స్టేషను మాస్టరుతో మాట్లాడింది. నా హెడ్‌లైటు కింద నిలబడే మాట్లాడింది కాబట్టి ఆవిడ మొహం మారడం నేనే ముందు చూశాను.

పెట్టెలోకి ఎక్కి వాకీటాకీ అందుకుంది.

"నాయుడన్నా, సూరన్నా, ఇద్దరూ వినండి. నక్కలమెట్టలో ప్యాసింజరు మనకోసం ఆగి ఉంది. అందులో ఒక అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయంట. బండిలోనే ఉన్న ఒక మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, ఆసుపత్రికి పోవాల్సిందే అందంట. కింద గుమ్మలపాడులో అంబులెన్సు సిద్ధంగా ఉంది. మనం లైను ఖాళీ చేస్తేనే ఆ బండి దిగుతుంది. వెనక్కి దిగిపోదామంటే కింద స్టేషన్లో ఇంకో బొగ్గు బండొచ్చి కూచుంది, ఉన్న ఒక్క ఖాళీ లైనూ ప్యాసింజరుకే కావాలి. పైకే పోవాలి."

ఒక్క ఊపిరి తీసుకుని ఆవిడే మళ్ళీ అందుకుంది.

"అమ్మాయి పేరు హైమ. మామగారు రైల్వే డ్రైవరంట. నాన్న కూడానంట."

సూరప్పడు చేతిలోంచి పొడుం డబ్బా జారి నా ఇనప నేల మీద పడింది. అటు ముందు ఇంజన్లో ఏం జారిందో నాకు తెలీదు. వాకీటాకీలో ఊపిరి మాత్రం వినబడింది.

ముందుగా నోరు తెరిచింది తవిటినాయుడు.

"ఎస్తేరమ్మా... ఆయనకి సెప్పు... ముందు ఆయన తోసి కప్లింగులు దగ్గరికి నొక్కాల. ఆ యెంటనే నాను లాగుతాను."

"ఎస్తేరమ్మా, ఆయనకి సెప్పు, ఆ మాట నాకు తెల్సు. ముందు పట్టా మీద ఇసక ఎయించమను."

"ఇసక ఏస్తన్నారని సెప్పు. నాకు నేర్పొద్దని కూడా సెప్పు."

"నేర్పేదేటుంది, నేర్చుకున్నోడైతే ఇక్కడ ఆగుతాడా అని అడుగు!"

ఎస్తేరమ్మ వాకీటాకీని ఒకసారి చూసింది. చెప్పు మీద ఈగని చూసినట్టు చూసింది.

"అన్నలూ, నా సెట్టులో చార్జింగు అయిపోయింది. ఇక మీరూ మీరూ చూసుకోండి" అని, దాని వెనక మూత తీసి, బ్యాటరీ ఊడబీకి టిఫిన్ సంచిలో వేసుకుంది. పూర్తి చార్జింగున్న బ్యాటరీ అది. పొద్దున్నే మార్చడం నేను చూశాను. తర్వాత దిగి, గొడుగు పక్కన పారేసి, కొంగు నడుముకి బిగించి, నా ఇసక పెట్టెలోంచి దోసిళ్ళతో తీసి చక్రాల ముందు చల్లడం మొదలుపెట్టింది.

సూరప్పడు తన సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మీట నొక్కాడు. "బా..." అన్నాడు. గొంతు దాటి రాలేదు. ఇన్ని నెలలు వాడని మాట తుప్పు పట్టి ఉంది. మీట వదిలేశాడు. కిటికీలోంచి వానలోకి చూశాడు. అక్కణ్ణించి ముందు ఇంజన్ కనబడదు, మలుపు, చెట్లు, తడిసిన బొగ్గు కనబడతాయి.

అప్పుడాయన చేసిన పని నేను ఊహించలేదు. చెయ్యెత్తి కూత తాడు లాగాడు. ముందువాడు కూయకుండా వెనకవాడు కూయడం మా ఘాటులో లేదు. పైగా అది ఏ కోడుకీ సరిపోయే కూత కాదు. పొడుగ్గా, ఊపిరున్నంతసేపు. సారె లేదు, అరిసె లేదు, పౌరుషం లేదు అందులో. కూతురు ఉంది.

కొండలు దాన్ని అటూ ఇటూ విసురుకున్నాయి. అది పూర్తిగా చల్లారక ముందే మలుపు అవతల్నుంచి బదులొచ్చింది. అంతే పొడుగు.

సూరప్పడు నన్ను కదిలించాడు. మెల్లగా. గుడ్డుని చేతిలో పట్టుకున్నట్టు. గార్డు పెట్టె ఒదిగింది, దాని ముందు వ్యాగను ఒదిగింది, దాని ముందుది... టక్, టక్, టక్ అని ఒక్కో కప్లింగూ మూసుకుంటూ ఆ చప్పుడు ముందుకు పోయింది. మొదటి వ్యాగను దగ్గర ఆగిందో లేదో, ముందు ఇంజన్లు లాగాయి.

చక్రాలు జారాయి. నా కడుపులో గుర్రున తిరిగింది. పొగ కొండంత లేచింది. సూరప్పడు నా గోడ మీద చెయ్యేసి, "అమ్మా, అమ్మా, అమ్మా" అన్నాడు. నన్నన్నాడో, కూతుర్నన్నాడో. ఇసక నలిగిన చప్పుడైంది. చక్రం పట్టాని కొరికింది. ఒక జానెడు. ఇంకో జానెడు. ఎస్తేరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి కదిలే పెట్టె ఎక్కింది. గొడుగు అక్కడే ఉండిపోయింది.

మలుపు దాటాం. నక్కలమెట్ట సిగ్నలు కనబడింది. మా కష్టాలు తీరాయనుకున్నాను. అక్కడే అసలు ఇరకాటం వచ్చింది.

నక్కలమెట్ట పక్క లైను పొడుగు తక్కువ. బండి పూర్తిగా దాన్లో ఒదిగితేనే మెయిన్ లైను ఖాళీ అవుతుంది. ఆరోజు బండికి మామూలుకంటే ఎక్కువ వ్యాగన్లు తగిలించారు. తవిటినాయుడు చివరి సిగ్నలు కింద దాకా వెళ్ళి ఆగాడు. అంతకు మించి ఒక్క అడుగు కూడా వెళ్ళకూడదు. ఇక్కడ వెనక నేనేమో, నా వీపు ఇంకా మెయిన్ లైను దారికి అడ్డంగా పెట్టుకుని నిలబడ్డాను. కాస్తంత. ఒక ఎడ్లబండి పట్టేంత. ఆ కాస్త చాలు ప్యాసింజరు ఆగిపోవడానికి. దాని కిటికీల్లోంచి జనం నన్ను తిడుతున్నారు. ఒక కిటికీలోంచి మూలుగు వినబడుతోంది.

సూరప్పడు వెనక్కి తిరిగి చూశాడు.

వాకీటాకీ గరగరలాడింది.

"బావగారూ."

ఆ మాట విని సూరప్పడు ఉలిక్కిపడ్డాడు.

"బావగారూ, నాను ఇక్కడ బ్రేకులు బిగబట్టి ఉన్నాను. అంగుళం కదల్ను. మీరు ఆనుకుని నొక్కండి. కప్లింగుల్లో ఇంకా సందుంది. నా మీద పడినా పర్లేదు, నొక్కండి."

"నొక్కుతన్నాను బావగారూ" అన్నాడు సూరప్పడు. ఈసారి గొంతు అడ్డుపడలేదు.

నొక్కాను. ఆయన కొండలా నిలబడ్డాడు, నేను ఆయన మీదికి ఒరిగాను. మధ్యలో వ్యాగన్లన్నీ పెళ్ళి బస్సులో చుట్టాల్లా కిక్కిరిసి సర్దుకున్నాయి. నా వీపు దారి తప్పుకుంది. పట్టాలు మారే పాయింట్ల దగ్గర నిలబడ్డ మనిషి జెండా ఊపి, "అయింది, అయింది!" అని అరిచాడు.

సిగ్నలు పడే లోపల సూరప్పడు నన్ను అసిస్టెంటుకి వదిలి ప్యాసింజరు వైపు పరిగెత్తాడు. అటు చివర్నుంచి తవిటినాయుడు, పంచె ఎగగట్టినవాడిలా ప్యాంటు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మూలుగు వినబడిన కిటికీ మా గార్డు పెట్టె పక్కనే ఆగి ఉంది. ఇద్దరూ దాని ముందు ఢీకొన్నంత పని చేశారు.

హైమ చెమటతో తడిసిపోయి కిటికీ ఊచలు పట్టుకుని ఉంది. అత్తగారు వీపు రాస్తోంది. హైమ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"వొచ్చినారా? నాన్నా, నన్ను పిలవడానికి వొచ్చినావా? మావయ్యా, పంపడానికి వొచ్చినావా? ఇంకో ఘడియ ఆగండి, లోపలున్నది కూడా దిగి మీ పంచాయితీకి కూచుంటాది."

సూరప్పడు చేతులు జోడించాడు. కూతురికి కాదు, వియ్యంకుడికి.

"బావగారూ, తప్పో ఒప్పో అయిపోనాది. మా అమ్మాయిని పురిటికి తీసుకెల్తాం. సెలవిప్పించండి."

తవిటినాయుడి కళ్ళు చెమర్చాయి. పెద్దరికంగా గడియారం చూసుకున్నాడు.

"ఎంత మాట బావగారూ. తప్పకుండా తీసుకెల్లండి. కానీ ఇప్పుడు రాహుకాలం నడస్తన్నాది. ఒక్క పావుగంట..."

"ఏమయ్యో!" అంది ఆయన భార్య పెట్టెలోంచి.

"నాయుడన్నా!" అంది ఎస్తేరమ్మ.

"మావయ్యా!" అంది హైమ. "నొప్పులు నాకొస్తన్నాయా, రాహువుకొస్తన్నాయా?"

"ఎల్లండి, ఎల్లండి! ఎంటనే ఎల్లండి!" అని తవిటినాయుడు తనే ప్యాసింజరు డ్రైవరుకి రెండు చేతులూ ఊపేశాడు.

బండి కదిలింది. కదిలాక గానీ తాతలిద్దరికీ ఒక సంగతి తట్టలేదు. తీసుకెళ్తానన్నవాడూ, పంపిస్తానన్నవాడూ ఇద్దరూ ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. పిల్ల కిందికి పోతోంది. వాళ్ళు పైకి పోవాలి. బొగ్గు బండి ఉంది కదా.

నక్కలమెట్ట నుంచి దొంకగూడ దాకా ఆరోజు ఎక్కినట్టు నేనెప్పుడూ ఎక్కలేదు. తవిటినాయుడు కూత పూర్తి కాకుండానే సూరప్పడు బదులు. అవసరమున్నా కూతే, లేకపోయినా కూతే. బొగ్గు కూడా ఎగిరి గంతేస్తుందేమో అనిపించింది.

దొంకగూడ ప్లాట్‌ఫారం మీద స్టేషను మాస్టరు ఎదురొచ్చాడు. "కింద నుంచి ఫోనొచ్చింది. ఆపరేషను చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం."

వియ్యంకులు ఒకర్నొకరు చూసుకున్నారు. కావలించుకుంటారేమో అనుకున్నాను. వాళ్ళంత దూరం పోలేదు. తవిటినాయుడు జేబులోంచి రుమాలు తీసి సూరప్పడి మొహం మీద బొగ్గు మసి తుడిచాడు. సూరప్పడు తుడవనిచ్చాడు.

తవిటినాయుడి డ్యూటీ అక్కడితో సరి. ఇల్లు పక్కనే. వెళ్ళలేదు. మాస్టరు దగ్గర రాతకోతలు ముగించి, కిందికి దిగబోతున్న నా మీదికి ఎక్కాడు. ముందు ఇంజన్ డ్రైవరు వెనక ఇంజన్ ఎక్కడం నా చరిత్రలో అదే మొదలు. ఎస్తేరమ్మ కూడా ఎక్కింది. సిగ్నలు పచ్చగా వెలిగింది. ఇక కదలడమే.

"కూచోండి బావగారూ" అన్నాడు సూరప్పడు డ్రైవరు సీటు చూపించి.

"అయ్యో, ఇది మీ ఇంజను. మీరే కూచోవాల."

"ఇంటికొచ్చిన వియ్యంకుణ్ణి నిలబెట్టి నాను కూచుంటానేటి?"

"ఆడపిల్ల తండ్రి మీరు. మీరు నిలబడితే నా మర్యాదేం కావాల?"

"మగపిల్లోడి తండ్రి మీరు. మీరు నిలబడితే నా వంశం ఏం కావాల?"

"పోనీ మీరే కూత ఎయ్యండి."

"మీరుండగా నానెయ్యడమా!"

సిగ్నలు వెలుగుతూనే ఉంది. పగబట్టి ఒకసారి బండి ఆపారు, మర్యాదతో ఇప్పుడు రెండోసారి ఆపారు. రెండోదే ఎక్కువసేపు ఆగింది. స్టేషను మాస్టరు గదిలోంచి బయటికొచ్చి, "ఏమయ్యా, ఇంజను చెడిందా?" అని కేకేశాడు. ఆఖరికి ఎస్తేరమ్మ తన టిఫిన్ సంచి తీసి డ్రైవరు సీట్లో పెట్టింది. "ఇది కూచుంటుంది. సూరన్న నిలబడి నడుపుతాడు. నాయుడన్న నిలబడి చూస్తాడు. ఎవరికీ అవమానం లేదు. కదలండి, ఆ పసిదాని మొహం చూడాలి నేను."

కదిలాం. కొండ దిగినంతసేపూ ఇద్దరూ నిలబడే ఉన్నారు.

గుమ్మలపాడు చేరగానే నన్ను షెడ్డు ముందు వదిలేసి ముగ్గురూ ఆసుపత్రికి పరిగెత్తారు. నన్ను ఆపాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పొద్దుగూకేదాకా ఉత్తినే గుడగుడలాడుతూ, డీజిలు తాగుతూ నిలబడ్డాను. అటుగా పోతూ షెడ్డు మేస్త్రి, "దీనికేమైంది, ఇంత హుషారుగా ఉంది?" అన్నాడు.

ఆ తర్వాత ఘాటుకి కరెంటు తీగెలొచ్చాయి. పొగలేని ఇంజన్లొచ్చాయి. వాటికి వెనక తోసేవి కూడా కొత్తవే. నన్ను విడగొట్టి అమ్మేద్దామన్నారు. ఏ పుణ్యాత్ముడు అడ్డుపడ్డాడో గానీ, కాస్త వెండిరంగు పూసి గుమ్మలపాడు స్టేషన్ బయట పార్కులో నిలబెట్టారు. చదునైన నేల మీద కాలు మోపడం మైదానం వదిలాక ఇదే. మొదట్లో కళ్ళు తిరిగాయి. ఇప్పుడు అలవాటైంది. పిల్లలు నా మీదెక్కి జారుతారు. ప్రేమికులు నా వెనక దాక్కుంటారు. వెనక ఉండే వాళ్ళంటే నాకు మొదట్నుంచీ అభిమానమే.

మొన్న ఆదివారం ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గొంతు వినగానే గుర్తుపట్టాను. హైమ. పిల్లకి పళ్ళు ఊడే వయసు. నా చుట్టూ తిరిగి, నా ఇనప మొహం మీద చెయ్యేసి అడిగింది.

"అమ్మా, ఈ ఇంజను ఏటి సేసేది?"

"ఎనక నుంచి తోసేది."

"బొగ్గునా?"

"బొగ్గుదేటుందే, తేలిక" అంది హైమ. "మీ తాతలిద్దర్నీ."